గొట్టంల మసి

గుడ్డపేలిక తెల్లగ పోయి నల్లగ వచ్చింది. హెడ్ కానిస్టేబుల్ కరుణాకర్ కడ్డీ కొసకు చిక్కిన ఆ పేలికను కిటికీ దిక్కు ఎత్తి పట్టి చూసిండు. తర్వాత పిస్తోలు గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసుకొని లోపటికి చూసిండు. ఎలక్షన్లొచ్చినప్పుడల్లా లైసెన్సు ఉన్నోళ్లు తమ తుపాకులు తెచ్చి ఠాణాల అప్పజెప్పాలె, అన్నీ అయిపోయినంక మల్ల తీస్కపోవాలె. జగదీశ్వర్‌కు ఇది ఎన్నో ఏండ్ల సంది అలవాటైన పని. చిక్కడపల్లి ఠాణాకు వచ్చుడు, సంతకం పెట్టుడు, రసీదు జేబుల ఏసుకొని పొయ్యి చాయ్ తాగుడు. ఇయ్యాల గూడ గంతే అనుకొని పొద్దుగాల్నే పిస్తోలు సంచిల ఏసుకొని వచ్చిండు.

“సార్, దీన్ని ఈ మధ్య కాల్చిన్రా?”

“లేదే. కొన్నప్పటి సంది ఎన్నడు కాల్చలే.”

“కాలింది సార్.” కరుణాకర్ గొంతు పెంచకుండనే చెప్పిండు. “పొట్టి గొట్టం గద ఇది. మందు మొత్తం కాలేటందుకు జాగ చాలదు. గుండు బయటపడ్తది, మిగిలిన మందు మసై లోపట్నే అంటుకుంటది. ఇగో, కాలని పలుకులు గూడ ఉన్నయి. కాల్చినంక ఎవ్వరు తుడవలే. తేమ పట్టి తుప్పు గూడ మొదలైంది.” పేలికను ఒక తెల్లకాయితం మీద పెట్టిండు. “ఎస్సై సారు బందోబస్తు మీటింగ్‌కు పోయిండు. ఆయన రాకుండ నేను రసీదు రాయలేను. జర కూసోండ్రి.”

వరండాల బెంచీ మీద కూసున్నడు జగదీశ్వర్. ఎదురుంగ గోడ మీద ఎండ పడ్తుంది. రోడ్డు మీదికెల్లి మెట్రో పోయినప్పుడల్లా కిటికీ అద్దం సన్నగ వణుకుతుంది. ఎవడో దొంగ అయి ఉంటడు అనుకున్నడు ముందుగాల్ల, కని దొంగ తీస్తె తీస్కపోతడు గని కాల్చి, మల్ల మెత్తటి ఎర్రగుడ్డల చుట్టి, బీరువాల చీరల కింద ఎట్లున్నది అట్ల పెట్టి పోతడా. బీరువా తాళంచెవి దేవుని పటాల ఎనుక మేకుకు ఉంటది, అది ఇంట్లోళ్లకు తప్ప తెల్వదు. ఇంట్లోళ్లు అంటె ఎవరు. ఎన్కటైతె ముగ్గురు. ఆయన, ఆయన భార్య కమల, ఆయన అక్క కిష్టమ్మ. అక్క ఆషాఢంల పోయింది. పైన రెండు గదులు కిరాయికిచ్చిండు, సర్కారు నౌకరీ పరీక్షలకు చదువుకునే ఆడపిల్లలున్నరు, పొద్దున అశోక్ నగర్ కోచింగ్‌కు పోతె మాపటికి వస్తరు, పాపం వాళ్లు కింది గుమ్మం గూడ దాటరు. ఇగ మిగిలిందెవరు. ఆ మిగిలిన పేరు మనసుల పలకబుద్ది కాలే ఆయనకు. పక్కకు జరిపి ఇంకేదో ఆలోచించిండు, పిస్తోలు కొన్న నాటి సంగతి, కోఠిల తన వెండి సామాన్ల దుకాణం, ఆ రోజు దుకాణం మూసి స్కూటర్ మీద వస్తుంటె నారాయణగూడ చౌరస్తా దాటినంక ఇద్దరు అడ్డమొచ్చి చెయ్యి కోసి సంచి గుంజుకపోయిన్రు, కుట్లు పడ్డ చేతిని ఒళ్లె పెట్టుకొని అక్క ఎంత ఏడ్చింది. తుపాకి కొనుక్కోరా తమ్మీ, ఎంతైనా కొనుక్కో అన్నది. కొనుక్కున్నడు. జేబుల పట్టే పొట్టి పిస్తోలు. దాన్ని నడుముకు పెట్టుకొని కోఠి నుంచి చిక్కడపల్లి దాక వచ్చుడే గని ఎన్నడు బయటికి తీసే పని పడలే, ఆ తర్వాత ఎవ్వడు అడ్డం గూడ రాలే. దుకాణం అమ్మేసినంక అది బీరువాల పండుకున్నది. దసరాకొకసారి లేస్తది. ఆయన విప్పి, నూనె పెట్టి తుడిచి పీట మీద పెడ్తె అక్క దానికి పసుపు పెట్టి కుంకుమ బొట్టు పెట్టేది, కత్తికి, కత్తెరకు, వెండి తూచే త్రాసుకు పెట్టినట్టె. కమల దూరంగ నిలబడి, తుపాకి మూతి గా దిక్కు తిప్పుండ్రి అనేది.

మొన్న దసరాకు గూడ తుడిచిండు. ఇంట్ల చావు అయింది, ఏడాది దాక పండుగ లేదు, బొట్టు పెట్టేటామె లేదు. అయినా చెయ్యికి అలవాటు, తుడిచిండు. గుడ్డ తెల్లగ వచ్చింది. అది మంచిగ యాదికున్నది, ఎందుకంటె ఆ గుడ్డ అక్క పాత తెల్ల చీర చెంగు, కిటికీల ఆరబెట్టి దాని దిక్కు చూసుకుంట కూసున్నడు శాన సేపు. అంటె కాలింది దసరా తర్వాత. దసరా తర్వాత ఏమొచ్చింది. ఎవరికి అనుమానం రాకుండ చిక్కడపల్లిల ఒక తుపాకి పేలాలంటె ఏ రోజు పేలాలె.

దీపావళి.

ఆ మాట మనసుల పడంగనే మిగితాయి అడగకుండనే వచ్చినయి. ఆ సాయంత్రం ఆయన ఇంట్ల లేడు. దుకాణం కొనుక్కున్న వాళ్లు ఏటా లక్ష్మీపూజకు పిలుస్తరు, పెద్దమనిషిగ కూసోబెడ్తరు, పోకపోతె బాగుండదని పోయిండు. పోయేటప్పుడు కమల గుమ్మంల నిలబడి, జల్ది వస్తరా అని అడిగింది. వస్త అన్నడు. కోఠిల వాళ్లు వీళ్లు కలిసిన్రు, పాత ముచ్చట్లు వచ్చినయి, జల్ది కాలే. వచ్చేసరికి గల్లీ అంత పొగ, ఎర్ర కాయితాలు. ఇంట్లకొస్తె లోపటి గదిల గూడ అదే మందు వాసన. కిటికీలు పెట్టుకోవద్దా, ఇల్లంత పటాకుల వాసన అని కసిరిండు. కమల అన్నం గిన్నె తెచ్చి ముందల పెట్టింది, ఆయన ఫోన్‌ల పూజ ఫోటోలు చూసుకుంటున్నడు. తెల్లారి అక్క మంచం మీద పరుపు లేదు. ఏదంటె ఎలుకలు కొట్టినయి, చెత్త బండోనికి ఇచ్చిన అన్నది. ఎంత కోపమొచ్చింది ఆయనకు. మా అక్క పరుపు, నన్ను ఒక్క మాట అడగవా, పోయినామె గుర్తు ఒక్కటి ఇంట్ల ఉంటె నీకేం బరువా అన్నడు. ఆ పరుపు మీదనే గద అక్క ఆఖరు నెల పండుకున్నది. వాకిట్ల ముగ్గు గిన్నె పట్టుకొని నిలబడి అన్నీ వినుకుంట, ఎలుకలు కొట్టినయి అని మల్ల అదే మాట అన్నది కమల.

ఎలుకలు కాదు. గుండు.

ముసల్ది ఒకామె ఎవరి మీదనో ఫిర్యాదు తెచ్చింది, ఠాణా రైటర్‌తోని ఒకటే తీరుగ మాట్లాడుతుంది, ఆ మాటలు చెవులకు తాకి పోతున్నయి. చెవులు. పోయిన నెల పైగది పిల్ల శ్రీదివ్య కిరాయి ఇయ్యనీకి వచ్చి, అంకుల్, ఆంటీకి ఎడమ చెవి వినవడదా, నేను ఆ దిక్కు నిలబడి పిలిస్తె పలుకతలేరు అన్నది. వయసు బిడ్డా అని నవ్విండు ఆయన. ఆయన గూడ అనుకున్నడు, దీపావళి సంది ఈమె పిలిస్తె పలుకదు, టీవీ ఇంత గట్టిగ పెడ్తది, మొఖం పక్కకు తిప్పుకొని చూస్తది, పరుపు గురించి అన్న మాటకు ఇంక అలిగే ఉన్నదని. అలుగుతె అలుగనీ అని ఆయన గూడ బిగుసుకున్నడు. ఇంత చిన్న గదిల తలుపులు మూసి తుపాకి పేలుస్తె చెవి ఏమైతదో ఎవరన్న చెప్పాల్నా. మూడు నెలలు అలక అనుకొని బతికిండు.

పరుపు మీద ఎందుకు కాలుస్తది మనిషి. కాల్చాలనుకున్నది పరుపునేనా. ఆ ప్రశ్న కాడికి వచ్చి ఆయన ఆలోచన ఆగింది, మల్ల ఇంకో దిక్కుకెల్లి వచ్చింది. ఆషాఢంల, అక్క పోయిన దినాలల్ల, ఇల్లంత మనుషులు. జగదీశ్వర్, అమ్మ లెక్క సాకింది గద నిన్ను, ధైర్యం తెచ్చుకో అని ఒక్కొక్కరు వచ్చి చెయ్యి పట్టుకున్నరు. ఆయన ఏడ్చిండు, నలుగుర్ల ఏడిస్తె మనసు తేలికైతది, అయింది గూడ. కమల అప్పుడు ఏం చేసింది. ఎంత గుర్తు చేసుకున్నా ట్రే పట్టుకొని నడిచే ఆమె చేతులే యాదికొస్తున్నయి గని మొఖం యాదికొస్తలేదు. పదకొండో రోజు అయిపోయి చుట్టాలు పోయినంక ఇల్లు మింగ వచ్చినట్టు అనిపించింది ఆయనకు. తెల్లారి సంది బాగ్ లింగంపల్లి రీడింగ్ హాల్‌కు పోవుడు మొదలువెట్టిండు. పేపర్లన్ని చదువుడు, అక్కన్నే పరిచయమైన ముసలోళ్లతోని చాయ్, పగటీలి తిండికి వచ్చుడు, మల్ల పోవుడు. ఆయనకు పోనీకి ఒక జాగ ఉండె. కమలకు మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగితె ఎక్కలేదు. ఆమె ఎక్కడికి పోవాలె.

ఎన్కట దుకాణం నుంచి ఫోన్ చేస్తె ఎనుక నుంచి నవ్వులు వినవడేటివి. టీచరమ్మ కమల బడి నుంచి వచ్చినంక వదిన ఆడబిడ్డలు ఏం మాట్లాడుకునేటోళ్లో ఆయనకు ఎన్నడు తెల్వదు. బియ్యం చెరుగుకుంట ఒకామె, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంట ఒకామె, గంటలు గంటలు. ఏం ముచ్చట్లే మీవి, తరుగయా అని ఒకసారి విసుక్కున్నడు గూడ. అక్క చిన్న వయసులనే ముండమోసి పుట్టింటికొచ్చింది, కమల పెండ్లయి వచ్చినప్పుడు ఈ ఇంట్ల ఆమెకు ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి అక్క. పిల్లలు కారని డాక్టరు చెప్పిన రోజు కమల తల అక్క ఒళ్లె ఉన్నది, ఆయన దుకాణంల ఉన్నడు. ఇది గూడ ఇప్పుడే యాదికొస్తున్నది, ఇన్నేండ్లు ఎక్కడున్నది ఇది.

“సార్, ఎస్సై సారు పిలుస్తుండు,” అన్నడు కరుణాకర్.

ఎస్సై విద్యాసాగర్ చిన్న వయసోడే. కుర్చీ చూపించిండు. బల్ల మీద పిస్తోలు, పక్కన కాయితం, కాయితం మీద నల్ల పేలిక.

“ఎవరు కాల్చిన్రు సార్?”

“నేనే,” అన్నడు జగదీశ్వర్. బెంచీ మీద కూసున్నంత సేపు ఆ మాట అనుకోనే లేదు, నోట్ల నుంచి అట్లనే వచ్చింది.

“ఎన్నడు కాల్చలే అన్నరట గద.”

“మర్చిపోయిన. దీపావళికి, డాబా మీద. పైకి పేల్చిన.”

“ఇంట్ల ఎవరెవరుంటరు?”

“నేను, మా ఆమె.”

విద్యాసాగర్ చేతిల పెన్ను పక్కకు పెట్టిండు. “మీరు చెప్పినట్టె రాస్తె కేసైతది సార్. లైసెన్సు ఎట్లయినా పోతది. ఈ వయసుల కోర్టు సుట్టు తిరగాలె. తిరుగుతరు, అది వేరే సంగతి. కని ఒక్కటి అడుగుత. మీ ఇంట్ల ఎవరికన్న మల్ల ఏమన్న అయితదని భయం ఉన్నదా?”

జగదీశ్వర్ కాయితం మీది నల్ల పేలిక దిక్కు చూసిండు.

“పిస్తోలు ఇక్కన్నే ఉంటది. నేను మాపటి దాక ఉంట. మీరొకసారి ఇంటికి పొయ్యి రాండ్రి. రాసినంక మార్చేది ఉండదు.”

బయటికొచ్చి నడిచిండు. లైబ్రరీ దిక్కుకెల్లి పిల్లలు సంచులు భుజానేసుకొని గుంపులు గుంపులు పోతున్నరు. చాయ్ బండి కాడ ఒకడు ఒక్కడే నిలబడి పుస్తకం తెరిచి పెదవులు కదిలించుకుంట చదువుకుంటున్నడు, చేతిల చాయ్ సల్లారుతుంది. అడుగు తీసి అడుగు ఏసే కాడల్లా జగదీశ్వర్ కమలతోని అనాల్సిన మాటలు కూడబెట్టుకుంటున్నడు. నువ్వేం భయపడకు, అంతా నా మీద ఏసుకున్న, నీ పేరు ఎక్కడ రాదు. అప్పుడామె ఏడుస్తది. ఆయన భుజం మీద చెయ్యి ఏస్తడు. తప్పు నాదే అంటడు. ఇది తలుచుకుంటె లోపట ఒక తీరు ఊరట గూడ కలిగింది, గల్లీ మలుపు తిరిగే దాక ఆ ఊరట ఉన్నది.

కమల ముందరింట్ల చాప మీద కూసొని బఠానీలు ఒలుస్తుంది. ఆయన ఆమె కుడి దిక్కుకు పొయ్యి గోడకు ఆనుకొని కింద కూసున్నడు. అట్ల కింద కూసొని ఎన్నేండ్లయిందో.

“ఇచ్చొచ్చిన్రా?”

“ఇచ్చిన. గొట్టంల మసి ఉన్నదన్నరు.”

ఆమె చేతుల కాయ అట్లనే ఆగిపోయింది.

“నేనే కాల్చిన అని చెప్పిన,” అన్నడు. “నువ్వేం పరేషాన్ కాకు.”

కమల తల తిప్పి చూసింది. ఏడ్వలే. క్లాసుల అబద్ధం చెప్పిన పిల్లను నిలబెట్టి చూసే చూపు అది, ఆయన మీద ఎన్నడు పడలే.

“ఎందుకు చెప్పిన్రు?”

“మరేం చెప్పాలె. నిన్ను ఠాణాకు పిలుస్తరు, నలుగుర్ల నీ పేరు...”

“వదిన పోయినప్పుడు ఇంటికొచ్చినోళ్లందరు మీ చెయ్యే పట్టుకున్నరు. నేను చాయ్‌లు పెట్టిన. పొద్దున పొయ్యి రాత్రి వచ్చేటోళ్లు మీరు. ఆమెతోని బతికింది నేను. ఆ ఏడుపు మీదే అయింది. ఇది గూడ మీదేనా?”

ఆమె భుజం మీద ఏద్దామని ఎత్తిన చెయ్యిని ఆయన చాప మీదికి దించిండు.

“దీపావళి నాడు మీరు పోయిన్రు,” అన్నది కమల. గొంతు మామూలుగనే ఉన్నది. “పైపిల్లలు ఊర్లకు పోయిన్రు. ఏడాది తీరలే, దీపం పెట్టొద్దు. చీకట్ల కూసున్న. ఊరంత మోగుతుంది, మన ఇంట్ల ఏ సప్పుడు లేదు. బీరువా తీసిన. ప్రతి దసరాకు మీరు చేసుడు చూసినదాన్నే గద, ఎట్ల పట్టుకోవాల్నో తెలుసు. వదిన మంచం మీద కూసున్న. నాకే పెట్టుకుందామని తీసిన, అబద్ధమెందుకు. రోజు ఆ టైముకు వదిన, కమలా, ఇన్ని మెతుకులు తిందాం రా అని పిలిచేది. పిలుస్తదేమో అని చూసిన. పోయినామె పిలువదని తెలుసు, అయినా చూసిన. మల్ల ఏమనిపించిందో, పరుపు దిక్కు తిప్పి ఒత్తిన. ఇల్లు దద్దరిల్లింది. చెవుల ఒకటే హోరు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. వదిన పోయినంక అదే మొదటిసారి.”

బయట గల్లీల కూరగాయల బండోడు ఆగి, పిలిచి, ఎవరు పలుకకపోతె ముందుకు పోయిండు. జగదీశ్వర్ చెయ్యి చాప మీద ఉన్నది, ఆమె మోకాలికి జానెడు దూరంల. ఇంకా జరపలే. అడగాల్సింది ఎస్సై అడిగిన మాటే. అడిగిండు.

“ఇప్పుడు గూడ అనిపిస్తదా, గట్ల?”

“ఒక్కోసారి అనిపిస్తది.” కాయ ఒలిచి గింజలు గిన్నెల ఏసింది. “పగటీలి ఎక్కువ.”

“నేను రేపటి సంది ఎక్కడికి పోను.”

“పోండ్రి. ఇంట్ల కూసొని నన్ను కాపలా కాస్తె నాకు ఇంకా కష్టం. పోయేటప్పుడు వస్తవా అని ఒక్క మాట అడుగుండ్రి. నాకు రాబుద్ధి అయితె వస్త.” గిన్నె పక్కకు జరిపి, గోడ పట్టుకొని లేసింది. లేసేటప్పుడు మోకాళ్లకు నొప్పి తెలిసింది మొఖంల. “ఆటో పిలువుండ్రి. ఠాణాకు పోదాం.”

“నడువగలవా? నేను చెప్పుకొస్త గద...”

“మీరు చెప్పొద్దు.”

చీర మార్చుకున్నది. బడికి పోయేటప్పుడు కట్టుకునే పాత నేత చీర. గుమ్మం కాడ చెప్పులు ఎక్కడున్నయో వెతుక్కోవలసి వచ్చింది, అన్నాళ్లయింది ఆమె బయటికి పోక. ఆటోల కూసున్నంక, నారాయణగూడల చెవి డాక్టరు ఎవరన్న ఉన్నరా, రేపు చూపెడ్దాం అన్నడు ఆయన, కొంచెం గట్టిగ, ఆమె కుడిచెవికి. మనసుకు చూసే డాక్టరు గూడ ఉంటరు గద అన్నది కమల, రోడ్డు దిక్కు చూసుకుంట. ఉంటరు అన్నడు. ఎక్కడుంటరో ఆయనకు తెల్వదు, కనుక్కోవాలె, కనుక్కుంటడు.

ఠాణాల విద్యాసాగర్ ఇద్దర్ని చూసి లేసి నిలబడ్డడు. కమల కుర్చీల కూసొని చెంగు సర్దుకున్నది.

“సార్, నా పేరు కమల. టీచర్‌గ చేసి రిటైరైన. ఆ పిస్తోలు నేను కాల్చిన. మా ఆయన చెప్పింది నిజం కాదు.”

ఎస్సై జగదీశ్వర్ దిక్కు తిరిగిండు. “మీరు జర బయట కూసోండ్రి సార్.” ఒక లేడీ కానిస్టేబుల్‌ను పిలిచి లోపట కూసోబెట్టిండు, మంచినీళ్లు తెమ్మన్నడు. తలుపు దగ్గరేసిన్రు.

వరండాల ఎండ గోడ దిగి నేల మీదికొచ్చింది. జగదీశ్వర్ కూసున్నడు. మాటలు అర్థమైతలేవు, గొంతు ఒక్కటే వస్తుంది తలుపు సందుల నుంచి. మొదలు ఆగి ఆగి వచ్చింది. నడుమ ఎస్సై ఏదో అడిగిండు, దానికి చెప్పింది. తర్వాత ఎస్సై గొంతు వినవడలే, కమల గొంతే పోతున్నది, పొడుగ్గ, ఊపిరి తీసుకోనీకి గూడ ఆగకుండ. వదిన అనే మాట ఒక్కటి రెండుసార్లు తెలిసింది. ఒకసారి నవ్విందో ఏడ్చిందో పోల్చుకోలేకపోయిండు. ఆయన ముందుకు వంగి, మోచేతులు మోకాళ్ల మీద పెట్టుకొని, తలుపు దిక్కే చూసుకుంట విన్నడు.

కరుణాకర్ ఒక కాయితం పట్టుకొని వచ్చిండు. “సార్, ఎలక్షన్లయినంక పిస్తోలు సంగతి...”

“నాకు మల్ల వద్దు. అది ఎట్ల రాసియ్యాల్నో చెప్పు, రాసిస్త.”

“సరే సార్. చాయ్ తెప్పియ్యాల్నా?”

“ఆమె రానీ. ఇద్దరం తాగుతం.”

కరుణాకర్ మూసిన తలుపు దిక్కు చూసిండు. “జర టైం పట్టేటట్టున్నది సార్.”

“పట్టనీయి,” అన్నడు జగదీశ్వర్.